విప్పేటప్పుడే బిగించాలి

ఇంజన్ హెడ్లు మొదటిసారి మార్చబోయేవాళ్ళు ముందుగా అడిగేది దాదాపు ఒకటే: "హెడ్ బోల్టులు ఎంత టార్క్‌కి బిగించాలి?" దానికి జవాబు మాన్యువల్లో ఒక్క లైను. టార్క్ రెంచి చేతిలో ఉంటే పదో తరగతి కుర్రాడు కూడా ఆ అంకెకు బిగించగలడు. ఈ పని బిగింపు దగ్గర చెడిపోవడం అరుదు. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోసినప్పుడు, ఏ వైరు ఎక్కడ పీకామో రాసుకోనప్పుడు, అంటుకుపోయిన పాత గ్యాస్కెట్ ముక్కను "ఆ, ఎంతలే" అని వదిలేసినప్పుడు చెడిపోతుంది. బయటపడేది మాత్రం బిగించాక.

అందుకే ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం విప్పడం గురించే.

ఉదాహరణకి తీసుకున్న బండి 1988–95 మధ్య వచ్చిన షెవర్లే సీ1500 పికప్ ట్రక్కు, 5.7 లీటర్ల వి-8 ఇంజన్‌ది. అమెరికాలో క్యూబిక్ అంగుళాల లెక్కన దాన్ని 350 అంటారు. డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో సొంత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో కొందరి దగ్గర ఇలాంటి పాత ట్రక్కు ఒకటి ఉంటుంది. పెరట్లోకి మట్టి, కంచెకు కలప మోసుకురావడానికని చవగ్గా కొన్నది. అది ఒక ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద ఆవిర్లు కక్కుతూ ఆగిపోతుంది. షాపువాడు చెప్పే ఖర్చు బండి విలువను దాటిపోతుంది, ఎందుకంటే అక్కడ సామాను కన్నా కూలి ఎక్కువ. విజయవాడ ఆటోనగర్‌లో అయితే మేస్త్రీకి అప్పజెప్పి టీ తాగి రావచ్చు. ఆ వెసులుబాటు అక్కడ లేదు. దాంతో జీవితంలో ఎప్పుడూ పానా పట్టని సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి "నేనే చేస్తే పోలా?" అనిపిస్తుంది.

పోతుంది. నా లెక్కలో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఇంజన్ దొరకడం కష్టం. 1955లో 265 క్యూబిక్ అంగుళాలతో మొదలైన షెవర్లే స్మాల్ బ్లాక్ వంశంలోది ఇది. 350 సైజు 1967లో వచ్చింది. ఇన్ని దశాబ్దాల పాటు తయారైన సరుకు కాబట్టి సామాను ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. బ్లాకూ హెడ్లూ రెండూ పోత ఇనుమే. క్యామ్ షాఫ్టు బ్లాకులోనే ఉంటుంది గనక హెడ్లు దించడానికి టైమింగ్ చైన్‌ను ముట్టుకోనక్కర్లేదు. కొత్తవాళ్ళ భయంలో సగం ఇక్కడే పోవాలి.

ముందు నేరం రుజువు కావాలి

బండి వేడెక్కింది కాబట్టి హెడ్ గ్యాస్కెట్ పోయిందని తీర్పు ఇచ్చేయకండి. రేడియేటర్ పూడుకుపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ తెరుచుకోకపోవచ్చు, ఫ్యాన్ క్లచ్ అరిగిపోయి ఉండొచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపించినా హెడ్లే దోషులని చెప్పలేం. ఈ ఇంజన్లో కూలెంట్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ గుండా కూడా పోతుంది. ఆ గ్యాస్కెట్ కారినా నీళ్ళు ఆయిల్లోనే కలుస్తాయి. అది చాలా చిన్న పని. చిన్న పనికి పెద్ద పని చేసుకోవడం ఎందుకు?

రెండు పరీక్షలు చాలు. మొదటిది రేడియేటర్ మూతి మీద గొట్టం పెట్టి చేసేది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి మొదలుపెట్టాలి. గొట్టంలోని నీలి ద్రవం పసుపు రంగుకు తిరిగితే సిలిండర్లో కాలిన గ్యాసు కూలెంట్లోకి దూరుతున్నట్టు. రెండోది కంప్రెషన్ పరీక్ష. 8 ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్, ఇంజెక్టర్ల ఫ్యూజులు పీకి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఒక్కో సిలిండర్‌కీ గేజి పెట్టి చూడాలి. అన్నిటికన్నా తక్కువ అంకె, అన్నిటికన్నా ఎక్కువ అంకెలో 70 శాతానికి తగ్గకూడదు; ఏ సిలిండరూ 100 పీఎస్‌ఐకి దిగువన ఉండకూడదు. డ్రైవర్ వైపు ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7; అవతలి వైపు 2, 4, 6, 8. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు, ఉదాహరణకి 3, 5, కలిసి పడిపోయాయంటే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయిందనే అర్థం. ఆ రెంటి ఎగ్జాస్ట్ దారులూ ఆనుకునే ఉంటాయి, అక్కడ వేడి మరీ ఎక్కువ.

గేజి కొనక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి సామాన్ల షాపులు డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు అరువిస్తాయి, తిరిగిచ్చాక డబ్బు వెనక్కి. మీ కౌంటీ లైబ్రరీ కార్డు మీద చిల్టన్ రిపేర్ మాన్యువల్ ఆన్‌లైన్లో ఉచితంగా చదవనిస్తారేమో కనుక్కోండి. చాలా లైబ్రరీల్లో ఉంది. హేన్స్ పుస్తకం ఒకటి కొని గ్రీజు చేతులతో తిప్పడానికి పక్కన పెట్టుకోండి.

పరీక్షల్లో హెడ్డే అని తేలాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: అసలు ఎందుకు వేడెక్కింది? దానికి జవాబు దొరక్కుండా కొత్త హెడ్లు వేస్తే, వాటిని కూడా అదే రేడియేటర్‌కి బలి ఇస్తున్నట్టే.

చోటు, వ్యవధి, అట్టముక్క

మన ఆరంభశూరత్వం సంగతి మనకు తెలిసిందే. శనివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, మధ్యాహ్నానికి సగం ఇంజన్ నేలమీద పరిచి, ఆదివారం రాత్రికి ఓపిక అయిపోయి, సోమవారం ఆఫీసుకు ఎలా వెళ్ళాలో తెలియక కూర్చుంటాం. కాబట్టి ఈ బండి లేకపోయినా ఇల్లు నడిచే ఏర్పాటు ముందు చేసుకోండి. పూర్తయ్యే తేదీ ఎవరికీ మాటివ్వకండి, ముఖ్యంగా ఇంట్లోవాళ్ళకి. మీ కాలనీ సంఘం వాకిట్లో రిపేర్లకు ఒప్పుకుంటుందో లేదో కాగితాలు తిరగేయండి. చాలా చోట్ల ఒప్పుకోరు. గ్యారేజీలో చేస్తున్నట్టయితే ఆ మూలనున్న వాటర్ హీటర్‌ను ఒకసారి చూడండి. అది గ్యాసుదైతే లోపల మంట ఉంటుంది, మీరేమో పెట్రోలు గొట్టాలు విప్పబోతున్నారు. హీటర్ ఆర్పి, తలుపులు బార్లా తీసి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకున్నాకే పని.

తర్వాత ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చుకోండి. టార్క్ రెంచి కన్నా ముఖ్యమైన పనిముట్టు ఇదే. ఒక అట్ట మీద హెడ్ ఆకారం గీసి, 17 బోల్టుల చోట్లలో 17 రంధ్రాలు పొడవండి. ఇంకో హెడ్‌కి ఇంకో అట్ట. హెడ్ బోల్టులు మూడు పొడవుల్లో ఉంటాయి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే గుచ్చాలి. మూడో అట్టలో 16 పుష్ రాడ్లకు 16 రంధ్రాలు, ఒక అంచున పెద్ద అక్షరాలతో "ముందు" అని రాయాలి. పుష్ రాడ్డు, రాకరు ఇన్నేళ్ళుగా ఒకదానికొకటి అరిగి కుదురుకున్నవి. జోడీ మారిస్తే కొత్త అరుగుదల మొదలవుతుంది. లిఫ్టర్ల జోలికి పోనే వద్దు, అవి ఉన్నచోటే ఉండనివ్వండి.

వైర్లకీ గొట్టాలకీ రెండు చివర్లా మాస్కింగ్ టేపు అంటించి అంకెలు వేయండి. ఫోనుతో ఫోటోలు తీయండి గానీ ఫోటోని నమ్ముకుని టేపు మానకండి. ఫోటోలో మనకు కావలసిన గొట్టం ఎప్పుడూ ఇంకో గొట్టం వెనకే ఉంటుంది.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కూలెంట్ రేడియేటర్ నుంచే కాదు, బ్లాకుకు రెండు పక్కలా ఉన్న డ్రెయిన్ల నుంచి కూడా దించాలి. కుడివైపు రంధ్రంలో నాక్ సెన్సర్ బిగించి ఉంటుంది, దాన్ని సుతారంగా తీయాలి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. మూత లేని బకెట్‌లో వదిలేస్తే పక్కింటి కుక్క వచ్చి నాకుతుంది. ఏసీ కంప్రెసర్‌ను బ్రాకెట్‌తో సహా విప్పి గొట్టాలు ఊడదీయకుండానే పక్కకు ఒరిగించి కట్టేయండి. ఆ గ్యాసు వదలడం చట్టరీత్యా నేరం, మళ్ళీ నింపడం మీ చేతుల్లో లేని పని.

డిస్ట్రిబ్యూటర్ తీసేముందు ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చుకోవాలి. ఒకటో ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టి ఇంజన్ తిప్పితే గాలి వేలిని తోస్తుంది. అప్పుడు ముందున్న పుల్లీ మీది గీతను సున్నాకి కలపాలి. రోటర్ ఎటు చూస్తోందో ఇంజన్ వెనకున్న రేకు గోడ మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. డిస్ట్రిబ్యూటర్ ఒళ్ళు ఎటు తిరిగి ఉందో ఇంకో గుర్తు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కింద గేరు పళ్ళు ఏటవాలువి కాబట్టి పైకి లాగుతుంటే రోటర్ కొద్దిగా తిరిగి ఇంకో చోట ఆగుతుంది. అది ఆగిన చోట కూడా ఒక గుర్తు పెట్టండి. తిరిగి పెట్టేటప్పుడు ఈ గుర్తు దగ్గర మొదలుపెడితే అదే తిరుగుతూ దిగి మొదటి గుర్తు మీద కూర్చుంటుంది.

ఇన్‌టేక్ మానిఫోల్డ్ లేపాక ఇంజన్ కడుపు తెరిచినట్టే. లిఫ్టర్ల పళ్ళెంలో శుభ్రమైన గుడ్డలు కప్పి, ఎన్ని పెట్టారో గోడ మీద రాసుకోండి.

ఇక అసలు యుద్ధం ఎగ్జాస్ట్ బోల్టులతో. 30 ఏళ్ళు ఎర్రగా కాలి, చల్లారి, తడిసిన ఇనుము అది. బలం ఉన్నవాడు ఇక్కడ ఓడిపోతాడు, ఎందుకంటే బలానికి బోల్టు తల తెగి వస్తుంది, కాండం లోపలే మిగిలిపోతుంది. పని మొదలుపెట్టడానికి కొన్ని రోజుల ముందు నుంచే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే నూనె రోజూ కొట్టండి. విప్పే రోజున ముందు కొంచెం బిగించే వైపు తిప్పండి. చిన్న టిక్కుమన్న చప్పుడు వస్తే తుప్పు పట్టు విడిచినట్టు. అప్పుడు పావు చుట్టు విప్పి, మళ్ళీ కొంత బిగించి, మళ్ళీ విప్పుతూ రండి. కిర్రుమని బరువుగా తిరుగుతున్నంతసేపు పరవాలేదు. మెత్తగా, రబ్బరులా సాగుతున్నట్టు అనిపిస్తే ఆపేయాలి, మెలిపడి తెగబోతోంది. ఆ తేడా చేతికి తెలియడమే ఈ పనిలో సగం చదువు, పుస్తకంలో దొరకదు. సైలెన్సర్ గొట్టం కలిసే చోట నట్లు మరీ మొండికేస్తే వాటి జోలికి పోకుండా మానిఫోల్డ్‌ను హెడ్ నుంచి మాత్రం విప్పి, గొట్టంతో సహా పక్కకు లాగి కట్టేయవచ్చు.

అన్నీ తీశాక కూడా ఏదైనా కదలకపోతే ఇంకా ఎక్కడో ఒక బోల్టు మిగిలే ఉంది. సుత్తి తీసే ముందు టార్చి తీయండి. నిజంగానే బోల్టులన్నీ వచ్చి హెడ్డు గ్యాస్కెట్‌కు అతుక్కుని ఉంటే, గడ్డపలుగును పోర్టులో పెట్టి ఎత్తాలి గానీ రెండు చదును తలాల మధ్య దూర్చకూడదు. అక్కడ పడిన గీత తర్వాత కూలెంట్‌కి కాలవ. రెండు మూడు బోల్టులు నాలుగు చుట్లు వేసే ఉంచండి, ఒక్కసారిగా ఊడి కాలిమీద పడకుండా. వాల్వులతో కలిపి ఒక్కో హెడ్డూ 20 కిలోల దాకా ఉంటుంది, అదీ బంపర్ మీద వంగి నడుం చాచి ఎత్తే బరువు. ఇంకో మనిషిని పిలవండి.

పాతవా, కొత్తవా

హెడ్లను మెషీన్ షాపుకి తీసుకెళ్ళి పగుళ్ళు చూపించి, తలం చదును చేయించుకోవచ్చు. బాగు చేసిన హెడ్లు కొనుక్కోవచ్చు. పగులు లేకపోతే మొదటిదే మేలు, మీ బండికి సరిపోతాయా అన్న సందేహమే ఉండదు. కొంటే మాత్రం హెడ్ మీద పోత అంకె చూసే కొనండి. 1987లో హెడ్లు మారాయి: వాల్వ్ కవర్ బోల్టులు అంచుల నుంచి మధ్యకు వచ్చాయి, మానిఫోల్డ్ నడిమి బోల్టుల కోణం కూడా మారింది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, బిగించబోతే కుదరవు. "ఎలాగూ విప్పావుగా, 1996 తర్వాతి వోర్టెక్ హెడ్లు వేసెయ్" అని సలహా ఇచ్చే మిత్రుడు ఎవరో ఒకరు ఉంటారు. అవి మంచి హెడ్లే. కానీ మీ పాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ వాటికి పట్టదు. అక్కడి నుంచి ఒకదాని వెనక ఒకటి కొనుక్కుంటూ పోవాలి. మొదటిసారికి ఉన్నది ఉన్నట్టు చేయండి.

తుడవడం

చెప్పుకోవడానికి ఏమీ లేని, ఎవరూ ఫోటో తీయని పని ఇది. కొత్త గ్యాస్కెట్ ఎంత కాలం నిలుస్తుందో ఇక్కడే తేలిపోతుంది.

బ్లాకు మీద అంటుకున్న పాత గ్యాస్కెట్‌ను బ్లేడుతో, ప్లాస్టిక్ గీకుడు పనిముట్టుతో చేత్తోనే తీయాలి. డ్రిల్లుకి గరుకు బిళ్ళ తగిలిస్తే పది నిమిషాల్లో మెరిసిపోతుంది, నిజమే. ఆ బిళ్ళ నుంచి రాలే సన్నటి రాపిడి పొడి ఆయిల్లో కలిసి బేరింగులను తినేస్తుంది. వద్దని జీఎం కంపెనీయే తన డీలర్లకు సర్వీస్ బులెటిన్ పంపింది. సిలిండర్లలో గుడ్డలు కుక్కి గీకండి, గీకిన చెత్తను వ్యాక్యూమ్‌తో లాగండి. చివర్న వేలిగోరు తలం మీద నడిపించండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ పని మిగిలే ఉంది.

స్టీలు స్కేలు నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి కింద ఫీలర్ గేజి దూరుతుందేమో చూడాలి. 6 అంగుళాల నిడివిలో 0.003 అంగుళానికి మించి సందు ఉంటే అది మెషీన్ షాపు పని.

తర్వాత బోల్టు రంధ్రాలు. ఈ ఇంజన్‌లో హెడ్ బోల్టుల కొనలు నీళ్ళ గదుల్లోకి దిగుతాయి. అందుకని మరలకు సీలెంట్ పూయకపోతే కూలెంట్ మరల వెంటే పైకి పాకుతుంది. పాత సీలెంటూ తుప్పూ ఆ మరల్లో పేరుకుని ఉంటాయి; వాటిమీదే బిగిస్తే రెంచి చూపించే టార్క్ గ్యాస్కెట్‌ను నొక్కడానికి కాకుండా తుప్పుతో పెనుగులాడడానికే ఖర్చవుతుంది. మరలను శుభ్రం చేసే చేజర్‌ను 34 రంధ్రాల్లోనూ చేత్తో నడిపించండి. కొత్త మరలు కోసే ట్యాప్ వాడొద్దు, అది ఇనుమును తినేస్తుంది.

కూర్చడం

ఇంతవరకూ ఒళ్ళు దాచుకోకుండా చేసినవారికి ఇక్కడి నుంచి సాఫీగా సాగుతుంది. గ్యాస్కెట్ పొడిగానే పరిచి, హెడ్డు దించి, బోల్టుల మరలకు సీలెంట్, తలల కింద చుక్క ఆయిల్ రాసి, మధ్య నుంచి అంచులకు పుస్తకంలోని వరస ప్రకారం మూడు దఫాలుగా బిగించండి. ఈ ఏళ్ళ 350కి సాధారణంగా 25, 45, 65 ఫుట్-పౌండ్లు; చివరి మాట మీ ఏడాది మాన్యువల్‌దే. 1996 తర్వాతి 350కి పద్ధతే వేరు, 22 ఫుట్-పౌండ్లకు బిగించి ఆపైన డిగ్రీల లెక్కన తిప్పాలి. పక్కవాడు నోటితో చెప్పిన అంకె వాడకూడదనేది అందుకే.

వాల్వులు సర్దేటప్పుడు ఒక చోట ఆగి ఆలోచించాలి. ఒకటో సిలిండర్ కంప్రెషన్ పైన ఉండగా 1, 3, 4, 8 ఎగ్జాస్ట్ వాల్వులు, 1, 2, 5, 7 ఇన్‌టేక్ వాల్వులు సర్దవచ్చు. పుష్ రాడ్‌ను పైకీ కిందికీ కదుపుతూ రాకర్ నట్టు బిగిస్తుంటే ఒక దగ్గర ఆట పోతుంది, అక్కడి నుంచి మాన్యువల్ చెప్పినంత మేర, ముప్పావు నుంచి ఒక చుట్టు దాకా. ఇంజన్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పి మిగతా ఎనిమిదీ సర్దాలి. ఇప్పుడు పుల్లీ గీత మళ్ళీ సున్నా దగ్గరే ఉంటుంది, కానీ కంప్రెషన్ మీద ఉన్నది ఒకటో సిలిండర్ కాదు, ఆరోది. ఇలాగే డిస్ట్రిబ్యూటర్ దించితే బండి స్టార్ట్ కాదు, పైకి దగ్గుతుంది. ఇంకొక చుట్టు తిప్పాకే దించాలి.

ఇన్‌టేక్ మానిఫోల్డ్ దించే ముందు లోపలి గుడ్డలు తీసి గోడ మీది అంకెతో సరిచూసుకోండి. ముందూ వెనకా అంచులకు కార్క్ పట్టీలు పక్కన పడేసి ఆర్టీవీ సిలికాన్ గీత వేయడం నయం. మానిఫోల్డ్‌ను నిటారుగా దించాలి, జరపకూడదు.

డిస్ట్రిబ్యూటర్ చివరి పావు అంగుళం దిగకుండా మొరాయిస్తే క్లాంపుతో నొక్కి కూర్చోబెట్టకండి. దాని కొన కింద ఆయిల్ పంపు కడ్డీ గాడిలో కూర్చోలేదన్నమాట. తీసి, పొడవాటి స్క్రూడ్రైవర్‌తో ఆ కడ్డీని కొద్దిగా తిప్పి మళ్ళీ ప్రయత్నించండి.

విప్పినప్పుడు కూలెంట్ ఎంతో కొంత ఆయిల్లో పడే ఉంటుంది. అందుకని ఆయిలూ ఫిల్టరూ మార్చాకే ఇంజన్ తిప్పాలి. ఇగ్నిషన్ ఫ్యూజు తీసి ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టి, తర్వాత స్టార్ట్ చేయండి. హీటర్ వేడి మీద పెట్టి, గాలి బుడగలు పోయేదాకా రేడియేటర్ నింపుతూ ఉండండి. టైమింగ్ చూసేటప్పుడు కంప్యూటర్ సర్దుబాటు ఆపే వైరును, లేత గోధుమరంగు మీద నల్లచార ఉన్నదాన్ని, ఊడదీసి సున్నా డిగ్రీలకు పెట్టి మళ్ళీ కలపాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడిన నూనె కాలి మొదట్లో పొగ వస్తుంది, కంగారు పడకండి. రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారాక కూలెంట్ మట్టం చూడండి, కొన్ని వందల మైళ్ళు తిరిగాక ఆయిల్ ఇంకోసారి మార్చండి.

బాగు చేసిన హెడ్లు కొన్నట్టయితే షాపువాడు బిల్లులో కోర్ డిపాజిట్, అంటే పాతవి తెచ్చిస్తే వెనక్కిచ్చే డబ్బు, కలిపి తీసుకుని ఉంటాడు. పాత హెడ్లలో నూనె, నీళ్ళు వంపేసి, కొత్తవి వచ్చిన పెట్టెల్లోనే పెట్టి, రసీదుతో పట్టుకెళ్ళండి. పగిలిన హెడ్‌కి పూర్తి డబ్బు ఇవ్వకపోవచ్చు, ఆ సంగతి కొనేటప్పుడే అడిగి ఉంచుకోండి.